నలభై దాకా లెక్కపెట్టి

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తను గోడకి ఇవతల ఏదో పనిలో ఉండగా, గోడకి అవతల ఒక మనిషి ఊపిరి చప్పుడు లేకుండా ఆగిపోవడం. మనిషి అంటే ఆమె లెక్కలో అప్పటికి ఒక్కతే, ఏడు నెలల కూతురు.

పాప నిద్రపోతే తల్లికి కాస్త తెరిపి అంటారు. ఈమెకు అప్పుడే తెరిపి ఉండేది కాదు. కుట్టుమిషను మీద నాలుగు కుట్లు వేసేది, లేచి లోపలి గదిలోకి వెళ్ళి పాప ముక్కు కింద వేలు పెట్టేది, వెచ్చగా తగిలితే తిరిగొచ్చి మరో నాలుగు కుట్లు వేసేది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. లిఫ్టు మెకానిక్కు కాపురం లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తులోనా అని అతని స్నేహితులు నవ్వేవారు. అతను మాత్రం భార్యను చూసి నవ్వేవాడు. ఆమెకు ‘థర్మామీటరు’ అని పేరు పెట్టాడు.

“రోజుకి ముప్పైసార్లు ముక్కు కింద పెడితే ఆ వేలికే జలుబు చేస్తుంది, చూస్కో,” అనేవాడు.

ఆమెకు నవ్వొచ్చేది కాదు. తొమ్మిదో తరగతి మధ్యలో ఆమెను బడి మాన్పించారు. ఆ మిగిలిపోయిన పుస్తకాల్లో ఎక్కడో పిల్లల్ని పెంచడం గురించి ఒక పాఠం ఉండే ఉంటుందనీ, అందరికీ తెలిసిన ఆ సంగతి తనకొక్కదానికే తెలియదనీ, పాపకు ఏదైనా అయితే సరిగ్గా అక్కడే అవుతుందనీ ఆమె గట్టి నమ్మకం.

టీకాలు వేసే నర్సు ఆమెను రెండు మూడు నెలలు గమనించి ఒక ఉపాయం చెప్పింది.

“చూడమ్మా, భయమేసిన ప్రతిసారీ లేవకు. గడియారం చూడు. పది నిమిషాలు ఆగు. చాలాసార్లు అదే పోతుంది. పోకపోతే అప్పుడు లే.”

ఆమె శ్రద్ధగా సాధన చేసింది. మొదట్లో రెండు నిమిషాలే ఆగగలిగేది. తర్వాత నాలుగు, ఆరు. మొదటిసారి పూర్తిగా పది నిమిషాలు కుర్చీలో కూర్చోగలిగిన రోజు భర్తకి ఫోన్ చేసి మరీ చెప్పింది. అతను ఏదో లిఫ్టు గుంతలో దిగి ఉన్నాడు. “భేష్!” అని అరిచాడు. ఆ మాట గుంతలో రెండుసార్లు మోగింది.

*

పక్క వాటాలో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు. వేరే ఊళ్ళో ఉన్న మేనల్లుడు ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. వీళ్ళు ఆ ఇంట్లో దిగిన కొత్తలో ఆమె ఆయన్ని మెట్ల మీద ఒకటి రెండుసార్లు చూసిందంతే. ఒక శనివారం సాయంత్రం, గంటన్నర జోకొడితే పాప కళ్ళు మూసిన నిమిషానికి, గోడ అవతల్నుంచి పిడుగు పడ్డట్టు ఒక అరుపు వినబడింది.

“గో...ఓ...ఓల్!”

పాప ఉలిక్కిపడి గుక్కపట్టింది. ఆమె పాపను భుజాన వేసుకుని వెళ్ళి పక్క తలుపు కొట్టబోయింది. చెయ్యి తగలగానే తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల ఆయన టీవీ ముందు నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, గుండీలు ఊడిన చొక్కాతో ఉన్నాడు.

“ఏమండీ, ఇంట్లో చంటిపిల్ల ఉందని తెలీదా మీకు? గంటన్నర పట్టింది దీన్ని పడుకోబెట్టడానికి!”

ఆయన చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. ముఖం మాత్రం వాడిపోయింది.

“తప్పయిపోయింది తల్లీ. తొంభయ్యో నిమిషంలో కొట్టారు. అది నా అరుపు కాదు, దానంతటదే వచ్చేసింది.”

“దానంతటదే రావడానికి అదేమన్నా తుమ్మా?”

“తుమ్మే అనుకో. ముప్పై ఒక్కేళ్ళ జబ్బు.”

అప్పుడు తెలిసింది ఆమెకు ఆయన పని ఏమిటో. పెద్ద ఫుట్‌బాల్ గ్రౌండులో, నీలం జట్టు సొంత మైదానంలో, ముప్పై ఒక్కేళ్ళు గీతలు గీశాడు. మొదట్లో సున్నంతో, తర్వాత రంగు బండితో. గ్రౌండులో అందరూ ఆయన్ని ‘సున్నం’ అనేవారట. ఆ పూట నుంచి ఆమెకు సున్నం తాత అయ్యాడు.

ఫుట్‌బాల్ అంటే ఆమెకు తెలిసింది వీపు మీది అంకెలు మాత్రమే. బజారులో ఆటల దుస్తుల కొట్టువాళ్ళు ఇచ్చే బనియన్లకు ఆమె ఇంట్లో కూర్చుని నంబర్లు కుట్టేది. ఒకసారి ఆరు తలకిందులుగా కుట్టి పంపింది. దాంతో ఆ జట్టులో ఇద్దరు తొమ్మిదులయ్యారని కొట్టువాళ్ళు నెలరోజులు ఏడిపించారు. ఆ మాట చెబితే పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. పాప ఏడుపు ఆపి ఆయన కళ్ళద్దాలు లాగేసింది.

“ఇదిగో, దీనికి చేతులున్నాయి. దొరికింది వదలదు. గోల్‌కీపరు!”

ఇద్దరి మధ్యా అక్కడే ఒప్పందం కుదిరింది. ఆయన ఇక అరవడు. గోలు పడితే అరుపుకి బదులు గోడ మీద పిడికిలితో మెల్లగా కొడతాడు. నీలం జట్టు కొడితే ఒక దెబ్బ, అవతలివాళ్ళు కొడితే రెండు.

“అవతలివాళ్ళది కూడా ఎందుకు తాతగారూ?” అంది ఆమె.

“ఆట సగమే చెబితే అబద్ధం చెప్పినట్టమ్మా,” అన్నాడాయన.

*

దెబ్బలు వినబడుతుంటే ఎవరు ఎవర్ని కొట్టారో తెలుసుకోవాలనిపించడం సహజం. కొన్ని వారాలకు ఆమె కూడా ఫోను కుట్టుమిషనుకి ఆనించి, సౌండు తీసేసి, నంబర్లు కుట్టుకుంటూ ఆట చూడటం మొదలుపెట్టింది. మొదటిరోజే ఒళ్ళు జలదరించింది. గోడ మీద దెబ్బ పడింది. ఫోనులో బంతి ఇంకా మైదానం మధ్యలోనే ఉంది. ఆ తర్వాత చాలాసేపటికి, తీరుబడిగా, బంతి వెళ్ళి గోల్లో పడింది.

పరిగెత్తుకెళ్ళి అడిగింది. “తాతగారూ, మీకు ముందే ఎలా తెలుస్తుంది?”

“గీతలు గీసినవాడిని, నాకు తెలియదా?” అని ఆయన బడాయి పోయాడు. తర్వాత, పాపం అనుకున్నాడేమో, అసలు సంగతి చెప్పాడు. ఆయనది డాబా మీద యాంటెనా ఉన్న టీవీ. ఆమెది ఫోను. ఫోనులో ఆట ఎక్కడెక్కడో తిరిగి నలభై సెకన్లు ఆలస్యంగా వస్తుంది.

రెండు నెలలు తిరక్కుండానే ఆమె మునిగిపోయింది. ఆటగాళ్ళ పేర్లు నోరు తిరిగేవి కావు, అంకెలతోనే పిలిచేది. “పదకొండుగాడికి కాళ్ళున్నాయి గానీ కళ్ళు లేవు,” “ఆరు వెనక్కి పరిగెత్తకపోతే మన పని అయిపోయేది,” అని అన్నం దగ్గర మొదలుపెడితే భర్త గరిటె పట్టుకుని ఆమె వంక చూస్తూ ఉండిపోయేవాడు.

“నువ్వేనా? థర్మామీటరువేనా?”

ఆ మోజులో పడ్డాక తాత దెబ్బలు ఆమెకు చిరాకు తెప్పించాయి. ఆరో నంబరువాడు బంతి తీసుకుని ముందుకు వెళ్తుంటాడు, ఆమె సూది ఆపి ఊపిరి బిగబడుతుంది, ఠక్ మని గోడ మోగుతుంది. ఇక చూడటానికేముంది?

“ముందే చెప్పేస్తున్నారు తాతగారూ. కథ మొదలవకుండానే చివరి పేజీ చదివి వినిపించినట్టుంది.”

“మరి కొట్టడం మానేయనా?”

“వద్దు వద్దు. కొట్టండి. కాస్త ఆగి కొట్టండి.”

అప్పట్నుంచి ఆయన గోలు పడగానే వేళ్ళు మడిచి నలభై దాకా లెక్కపెట్టి అప్పుడు కొట్టేవాడు. ఆమె ఫోనులో బంతి వలలో పడటమూ, గోడ మోగటమూ ఒకేసారి జరిగేవి. ఒక్కోసారి రెండు మూడు సెకన్లు అటూ ఇటూ అయ్యేది. ఆమె కత్తెర పిడితో తిరిగి ఒకటి కొట్టేది, విన్నానని.

*

ఆటలు లేని మంగళవారాలు సినిమాలు. ఆయన దగ్గర ఫుట్‌బాల్ సినిమాల డిస్కులు రెండు చెక్క డబ్బాల నిండా ఉండేవి. పొద్దున పదింటికి, పాప తిని హుషారుగా ఉన్న వేళ, ఆమె అటు వెళ్ళేది. పాప కింద పాకుతూ ఉండేది. వీళ్ళిద్దరూ సినిమా చూసేవారు. చూసేది ఆమె. ఆయన తిట్టేవాడు.

“అదేం గీతమ్మా! పెనాల్టీ బాక్సు పదహారున్నర మీటర్లుండాలి. అది పద్నాలుగు కూడా లేదు. వీణ్ణి నా దగ్గరికి పంపాల్సింది, చెవి మెలేసేవాడిని.”

“కథ చూడండి తాతగారూ.”

“గీత లేకుండా కథేంటి?”

అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు జట్టు కట్టిన సినిమా ఆమెకు ప్రాణం. నాలుగుసార్లు చూసింది. అందులో చివరి నిమిషంలో ఒకామె తలకి దెబ్బ తగిలి పడిపోతుంది. తెర అంతా నెమ్మదిస్తుంది, తల్లి జనంలోంచి లేచి నిలబడుతుంది, పడ్డ పిల్ల వేలు కదులుతుంది, లేస్తుంది, గోలు కొడుతుంది. ఆమె ప్రతిసారీ ముక్కు చీదేది.

“అబద్ధం,” అనేవాడాయన. “సినిమాలో చివరి నిమిషం పావుగంట ఉంటుంది. గ్రౌండులో అరవై సెకన్లే. పైగా తలకి తగిలితే ఆట సాగనిస్తారా? రిఫరీ ఎవర్నీ అడగడు. విజిల్ ఊదేస్తాడు.”

“ఏమీ కాకపోయినా?”

“ఏమీ కాలేదని ఊదాక కదా తెలిసేది! వాడు దులుపుకుని లేచాడనుకో, అందరూ నవ్వుతారు, బంతి కింద పెట్టి ఆట మళ్ళీ మొదలెడతారు. పోయేదేముంది? ముప్పై ఒక్కేళ్ళలో అనవసరంగా ఊదావని ఏ రిఫరీనీ ఉద్యోగంలోంచి తీసేయలేదు.”

ఆమె పాప వైపు చూసింది. అప్పటికే రెండుసార్లు లేచి పాప నోట్లో ఏమైనా పెట్టుకుందేమోనని వేలు పెట్టి చూసి వచ్చింది. ఏడిపించకుండా ఆమె భయానికి సరిపోయే మాట ఎవరైనా అన్నది అదొక్కసారే.

ఇంకో సంగతి కూడా అలాంటి పొద్దునే తెలిసింది. ఆట ఉన్న రోజు ఆయన తలుపు గడియ పెట్టడు. గ్రౌండులో అది నియమం. లోపల జనం ఉండి ఆట నడుస్తున్నంతసేపూ ఏ గేటుకీ తాళం పడకూడదు. ఏ క్షణాన ఎవరు బయటికి పరిగెత్తాల్సి వస్తుందో, ఎవరు లోపలికి రావాల్సి వస్తుందో. ఆయన గీతలు గీయడం మాని ఆరేళ్ళయింది గానీ చెయ్యి ఆ అలవాటు మర్చిపోలేదు.

“దొంగలొస్తే?” అంది ఆమె.

“రానీ. స్కోరు చెప్పి కూర్చోబెడతా.”

*

ఆ ఏటి ఆఖరి ఆట శనివారం సాయంత్రం నాలుగింటికి. నీలం జట్టు ఓడిందంటే కింది డివిజనుకి జారిపోతుంది. డ్రా అయితే బతికిపోతుంది. తాత రెండు రోజుల్నుంచి సరిగ్గా తినడం లేదని ఆమెకు తెలుసు. మెట్ల మీద కనబడి, “నిన్నట్నుంచి కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోందమ్మా, భయానికే,” అన్నాడు. ఆమె తన భయాలు తనకే సరిపోక, “గెలుస్తాం లెండి,” అనేసి లోపలికి వచ్చేసింది.

మూడున్నరకి పాప నిద్రపోయింది. భర్త డ్యూటీలో ఉన్నాడు. ఆమె మిషను ముందు కూర్చుని, ఫోను ఆనించి, ఒక బనియనుకి ఏడో నంబరు కుట్టడం మొదలుపెట్టింది.

ఇరవై మూడో నిమిషంలో ఆరో నంబరువాడు కార్నరు నుంచి వచ్చిన బంతిని తలతో కొట్టాడు. బంతి వల తాకిన క్షణానికే గోడ మోగింది. ఎప్పటికన్నా గట్టిగా. ఆమె నవ్వుకుని కత్తెర పిడితో తిరిగి కొట్టింది. వెళ్ళి పాప ముక్కు కింద వేలు పెట్టి చూసి వచ్చింది, వెచ్చగా ఉంది.

ముప్పై ఒకటో నిమిషంలో అవతలివాళ్ళు గోలు కొట్టారు. ఆమె నిట్టూర్చి, రెండు దెబ్బల కోసం చూసింది.

రాలేదు.

అలిగాడనుకుంది. మరుక్షణమే కాదనుకుంది. ఆట సగమే చెబితే అబద్ధం చెప్పినట్టు అన్న మనిషి. లెక్క తప్పాడేమో. తనే కదా ఆగి కొట్టమంది, ఆగుతున్నాడేమో. బాత్రూములో ఉన్నాడేమో. ఆమె తనూ వేళ్ళు మడిచి నలభై లెక్కపెట్టింది. మరో నలభై పెట్టింది. గోడకి చెవి ఆనించింది. టీవీలో జనం గోల సన్నగా వినబడుతోంది. మనిషి అలికిడి లేదు.

గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది. ఆ దడ ఆమెకు బాగా తెలిసినదే. అది మొదలైతే ఏం చేయాలో ఇప్పుడు తెలుసు కదా, గడియారం చూసింది. పది నిమిషాలు ఆగాలి. చాలాసార్లు అదే పోతుంది. ఇప్పుడు పరిగెత్తి వెళ్ళి, ఆయన బాత్రూములోంచి తుడుచుకుంటూ వస్తే? “థర్మామీటరు ఇప్పుడు పక్కింటికి కూడా డ్యూటీకెళ్తోంది,” అంటాడు భర్త. ఆమె పిడికిళ్ళు బిగించి కూర్చుంది. బాగా కూర్చుంది. ఇంతకుముందెన్నడూ అంత నిబ్బరంగా కూర్చోలేదు. మూడు నిమిషాలు. ఐదు. ఏడు నంబరు చుట్టూ ఒక కుట్టు కూడా వంకర పోకుండా వేసింది.

ఫోనులో ఇద్దరు ఆటగాళ్ళు గాల్లోకి ఎగిరి తలలు కొట్టుకున్నారు. ఒకడు పడ్డాడు. పక్కనున్నవాడు చెయ్యి ఎత్తకముందే రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. సౌండు లేదు గానీ ఆ బుగ్గలు ఉబ్బడం కనబడింది. ఆట ఆగిపోయింది. పడ్డవాడు లేచి కూర్చుని, తల రుద్దుకుని, నవ్వాడు. అందరూ నవ్వారు. బంతి కింద పెట్టారు.

ఆమె గడియారం వంక చూడలేదు. సూది బనియనులోనే వదిలేసి, ఫోను తీసుకుని లేచింది. నిద్రలో ఉన్న పాపను భుజాన వేసుకుని పక్క తలుపు తోసింది. తలుపు తెరిచే ఉంది.

తాత కుర్చీకీ గోడకీ మధ్య నేల మీద పడి ఉన్నాడు. మూతి ఒక పక్కకి వంగింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆమెను చూశాయి. ఎడమచెయ్యి గోడ వైపు చాచి ఉంది. పిడికిలికీ గోడకీ మధ్య జానెడు దూరం ఉంది.

ఆమె పాపను ఆయన పక్కనే పడుకోబెట్టింది. అంబులెన్సుకి ఫోన్ చేసి చిరునామా, అంతస్తు, తలుపు రంగు చెప్పింది. తాత తల కింద దిండు పెట్టి పక్కకి తిప్పింది. పాప లేచి ఆయన చొక్కా కాలరు పట్టుకుంది. ఆమె విడిపించలేదు. తర్వాత భర్తకి చేసింది.

“తాతగారు పడిపోయారు.”

“మళ్ళీ మొదలెట్టావా? పది నిమిషాలు ఆగి...”

“ఎనిమిది ఆగాను,” అంది ఆమె. “నువ్వు రా.”

ఆ గొంతు అతను అంతకుముందు వినలేదు. వెంటనే బయల్దేరాడు.

*

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు, బహుశా ఆమె వయసే ఉంటుంది, కాగితం మీద నుంచి తలెత్తకుండా అడిగింది.

“ఎన్నింటికి జరిగింది? సరిగ్గా చెప్పాలి. టైము తెలిస్తేనే ఒక ఇంజక్షను ఇవ్వగలం. తెలియకపోతే ఇవ్వడం కష్టం.”

“ఇరవై మూడో నిమిషంలో బాగున్నారు. ముప్పై ఒకటో నిమిషానికి బాగా లేరు.”

డాక్టరు తలెత్తింది. “దేంట్లో ఇరవై మూడు?”

“ఆటలోనండీ. నాలుగింటికి మొదలైంది. గోలు పడితే ఆయన గోడ మీద కొడతారు. మొదటి గోలుకి కొట్టారు, నాలుగూ ఇరవై మూడుకి. రెండోదానికి కొట్టలేదు. నా ఫోను నలభై సెకన్లు వెనక. కానీ ఆయన నలభై లెక్కపెట్టి కొడతారు, కాబట్టి ఆ లెక్క సరిపోతుంది.”

డాక్టరు రెండు క్షణాలు ఆమె ముఖంలోకి చూసి, 4:23 అని రాసుకుంది. “మీరు ఆయనకేమవుతారు?”

“గోడకి ఇవతలి మనిషినండీ.”

ఇంజక్షను ఇచ్చారు. డాక్టరు తర్వాత వరండాలోకి వచ్చి, సమయానికి తెచ్చారని చెప్పింది. ఆ ఎనిమిది నిమిషాల గురించి ఆమె అడిగింది. డాక్టరు చేతిలో ఫైలు మూసింది. “ముందొస్తే ఎప్పుడూ మంచిదే. కానీ మీరు రాకపోయి ఉంటే రేపు ఆదివారం మీరు చెప్పిన ఆ మేనల్లుడు ఫోన్ చేసేదాకా అలాగే ఉండేవారు,” అంది. ఆమె ఆ మాటలో రెండో సగాన్ని గుర్తుంచుకోవాలని చాలా ప్రయత్నించింది. మొదటి సగమే గుర్తుండిపోయింది.

నాలుగోరోజు తాతకి మాట వచ్చింది. ముద్దముద్దగా, ఒక్కో అక్షరం బరువు మోస్తున్నట్టు. మొదటి మాట ఆమెనే అడిగాడు.

“ఎంత?”

“ఒకటి ఒకటి. బతికిపోయాం.”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తర్వాత, “మిగతా ఆట... చూశావా?”

“ఎక్కడ చూడనిచ్చారు మీరు?”

“ఛ,” అన్నాడు స్పష్టంగా.

ఎనిమిది నిమిషాల సంగతి ఆమె దాచలేకపోయింది. నర్సు ఉపాయం, గడియారం, ఏడు నంబరు, అన్నీ చెప్పింది. ఆయన ఎడమచేతి వేలితో పాప గడ్డం నిమురుతూ విన్నాడు.

“సినిమాలో అయితే,” అన్నాడు, “చప్పుడు... రాకపోగానే... పరిగెత్తేదానివి.”

“సినిమాలో అయితే మీరు లేచి గోలు కొట్టేవారు.”

మూతి ఒక పక్కే నవ్వింది. ఆ పక్క చాలు.

“ఊదావుగా,” అన్నాడు. “ఇకమీద... ఆగకు.”

ఆ రోజు నుంచి ఆమె నర్సు చెప్పిన పది నిమిషాలు మానేసింది. భయం తగ్గిందని కాదు. భయమేస్తే లేస్తుంది, చూస్తుంది, వచ్చి కూర్చుంటుంది. పోయేదేముంది? భర్త ఇప్పటికీ థర్మామీటరనే పిలుస్తాడు, కానీ మధ్యాహ్నం ఏ లిఫ్టు గుంతలోంచో ఫోన్ చేసి, “ఇద్దర్నీ చూశావా?” అని తనే అడుగుతాడు.

*

తాత ఐదు వారాలకు ఇంటికి తిరిగొచ్చాడు. కుడిచెయ్యి గీత గీయడానికి పనికిరాదు, కర్ర పట్టుకోవడానికి పనికొస్తుంది. మేనల్లుడు వచ్చి రెండు వారాలుండి, మందుల డబ్బా సర్ది, పొద్దున పూట ఒక పనిమనిషిని కుదిర్చి వెళ్ళాడు. అతను చెడ్డవాడేం కాదు. ఆట అంటే తెలియదంతే. తనతో రమ్మన్నాడు గానీ, ఆ ఊళ్ళో టీవీకి యాంటెనా లేదని తాత కదల్లేదు.

ఇంతలో లిఫ్టుల కంపెనీ ఆమె భర్తను వేరే ఊరికి మార్చింది. ఒకటో తారీఖున చేరాలి. కొత్త సీజను మొదలయ్యేది తర్వాతి వారం. ఆమె మూడు రాత్రులు నిద్రపోలేదు. కింది వాటా ఆవిడను అడిగి చూసింది. “ఫుట్‌బాలా? మా ఇంట్లో ఆ పేరెత్తితే నేను పుట్టింటికి పోతా,” అంది ఆవిడ. ఇల్లుగలాయన, కొత్తవాళ్ళు వస్తున్నారు, మొగుడూ పెళ్ళామూ, మంచివాళ్ళు అన్నాడు గానీ అంతకుమించి ఏమీ తెలియదన్నాడు.

సామాను వ్యానులోకి ఎక్కించారు. తాత గుమ్మం దాకా కర్రతో వచ్చి, పాపకు కళ్ళద్దాలు తనే ఇచ్చి లాక్కోనిచ్చాడు. ఆమె ఖాళీ గదిలోకి ఒకసారి తిరిగి వెళ్ళింది. ఆరో నంబరు కత్తిరించడానికి గీసుకున్న కాగితం వెనకవైపు, పొద్దున పాప నిద్రలో ఉండగా రాసి పెట్టుకున్నది, కుట్టుమిషను ఉండే చోట గోడకి నాలుగు పక్కలా టేపు వేసి అంటించింది. రాత బాగుండదని ఆమెకు తెలుసు. అందుకే అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాసింది.

“ఈ గదిలోకి వచ్చినవారికి. ఈ గోడ అవతల ఉండేది సున్నం తాతగారు. మంచి మనిషి. శని ఆదివారాల్లో నాలుగింటికి నీలం జట్టు ఆట ఉంటే గోడ మీద కొడతారు, తిట్టుకోకండి. మనవాళ్ళు గోలు కొడితే ఒకటి, వాళ్ళు కొడితే రెండు. ఎడమచేత్తో కొడతారు కాబట్టి మెల్లగా ఉంటుంది, మిషను ఆపి వినండి. మీరూ చూడండి, ఆట బాగుంటుంది. ఫోనులో చూస్తే ముందే చెప్పరు, నలభై లెక్కపెట్టి చెప్తారు. తిరిగి ఒకటి కొడితే సంతోషిస్తారు. గోలు పడినా గోడ మోగలేదంటే అలిగారనుకోకండి, బాత్రూములో ఉన్నారనుకోకండి, గడియారం చూడకండి. ఆట ఉన్న రోజు తలుపు గడియ వేసి ఉండదు. దయచేసి ఒక్కసారి వెళ్ళి చూసి రండి.”